రెఫరెన్సుగా ఇచ్చిన నెంబరు

అనకాపల్లిలో నేను పనిచేసిన ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుని అక్కా అని పిలిచేదాన్ని. అక్కడ మానేసి, నక్కపల్లి వైపు కంపెనీల్లో ఆఫీసు ఉద్యోగం వెతుక్కుంటున్నప్పుడు, రెజ్యూమె చివర రెఫరెన్సుగా ఆమె పేరు, ఫోన్ నెంబరు రాశాను. అవి లేకపోతే కంపెనీలు రెజ్యూమె పక్కన పడేస్తాయని, దరఖాస్తులు పంపించే కన్సల్టెన్సీ అతను పట్టుబట్టాడు. అక్కను ముందే అడిగాను. నా గురించి ఎవరడిగినా అరగంట చెబుతానని నవ్వింది.

కొన్నాళ్లకు ఆమే ఫోన్ చేసింది.

"ఏటమ్మా, నా నెంబరు ఎవరికిచ్చేవు? నీ గురించి ఒక్క ముక్క అడగలేదు. మా ఆయన పొలానికి ఎన్నింటికెళ్తారని అడుగుతన్నాడు."

కన్సల్టెన్సీ అతనే. మొదట గుడ్‌మార్నింగ్ బొమ్మలు, తర్వాత మీ గొంతు బాగుంది, ఫొటో పెట్టండి అని మెసేజులు. బ్లాక్ చేస్తే ఇంకో నెంబరు నుంచి. అవి ఆమె భర్త కంట పడ్డాయి. ఆయన అరవలేదు గానీ, ఆమెతో మాట్లాడటం మానేశాడట. ఆ మాట వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. వాడు చేసిన పనికి ఆమె ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాలా?

మర్నాడే ఇద్దరం అతని ఆఫీసుకు వెళ్లాం. ఉద్యోగాల కోసం వచ్చిన ఆడపిల్లలు బెంచీల మీద కూర్చున్నారు. అతను కుర్చీలోంచి లేవకుండానే, సరదాగా పలకరించానని, దానికి ఇంత గొడవ దేనికని అన్నాడు. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపే అక్క ఫోన్ తీసి, అతని మెసేజులు డిక్టేషన్ చెప్పినట్టు గట్టిగా చదవసాగింది. అతను మేడమ్, మేడమ్ అంటూ లేచాడు. ఆమె ఆపలేదు.

బెంచీ మీది అమ్మాయి ఒకతె అతని టేబుల్ దగ్గరికి వచ్చింది.

"నా రెజ్యూమె ఇచ్చెయ్యండి. అందులో మా పిన్ని నెంబరుంది."

మిగతావాళ్లూ లేచారు.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. వాళ్లు అతన్ని పిలిచి, మందలించి పంపేశారు. కొన్నాళ్లు ఆఫీసు మూసి, మళ్లీ తెరిచాడు.

తర్వాత నేను నేరుగా ఒక కంపెనీకి వెళ్లాను. రెఫరెన్సులు రాయలేదేమని అడిగారు. ఉద్యోగం ఖాయం చేశాక, నెంబరు ఎవరిదో వాళ్ల అనుమతి తీసుకుని, కంపెనీ నుంచి ఎవరు ఫోన్ చేస్తారో తెలుసుకుని ఇస్తానన్నాను. సరేనన్నారు. ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నాను.

అక్క నెంబరు మార్చేసింది. ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేస్తున్న ఆమె పాత విద్యార్థులు ఆ నెంబరుకే ఫోన్ చేసేవాళ్లు. ఇప్పుడు వాళ్లకు ఆమె దొరకదు. కన్సల్టెన్సీ అతని నెంబరు మాత్రం ఆఫీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో అలాగే ఉంది.