కడగని మిరప సాళ్లు

కొవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నవంబరులో, బళ్ళారి కంటోన్మెంట్‌లో ఉన్న మా పంటల ప్రయోగశాల నుంచి నన్ను చోరనూరు దగ్గరి ఒక మిరప చేనికి ఆకుల సేకరణకు పంపారు. నేను సీనియర్ టెక్నికల్ ఆఫీసర్ని. వెంట వచ్చిన సుజాత పరిశోధక విద్యార్థిని. సండూరు గనుల లారీలు లేపే ఎర్రదుమ్ము వల్ల మిరప ఆకులో ఏ జన్యువుల పని పెరుగుతుంది, ఏవి మందగిస్తాయి అన్నది ఆమె థీసిస్. ఫెలోషిప్ ముగిసేలోపు ఆమెకు దొరికే ఆఖరి పంట అదే.

జన్యువు పనిచేసేటప్పుడు కణంలో దాని ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తయారవుతాయి. వాటిని డీఎన్‌ఏగా మార్చి సీక్వెన్సింగ్ యంత్రంలో పెడితే ముక్కలుగా చదువుతుంది. ఏ జన్యువు ముక్కలు ఎన్ని వచ్చాయో చూసి దాని చురుకుదనం అంచనా వేస్తాం. చిక్కల్లా, కోసిన ఆకు కూడా కాసేపు బతికే ఉండి ఆ నకళ్లను మార్చేసుకుంటుంది. అందుకే కోసిన వెంటనే ద్రవ నత్రజనిలో ముంచి గడ్డకట్టించాలి. పూట మారినా లెక్క మారుతుంది కనుక, పోలిక కోసం దుమ్ము లేని చేనిలో మరో బృందం కూడా మాలాగే పొద్దున తొమ్మిది, పది గంటల మధ్యే కోస్తోంది.

ఆకులు వేసే ఆరు గొట్టాల్లో మూడు నింపాక, సాళ్లలో మట్టి తడిగా ఉండటం గమనించాను. వాన లేదు. చేని యజమానురాలు మార్తమ్మను అడిగాను.

"బళ్ళారి నుంచి ఆఫీసర్లు వస్తాండారని పొద్దున్నే కడిగినా సారూ. అంత దుమ్ము ఆకు చేతికెట్ల ఇచ్చేది? సిగ్గుగాదా?"

సుజాత కత్తెరతో కోయడం ఆపేసింది. మాకు ఆ దుమ్మే కావాలని నేను చెప్పాను.

"దుమ్ముకా ఇంత దూరం వచ్చినారు? రోడ్డు మీద రవ్వంతసేపు నిలబడుకుంటే సరిపాయె గదప్పా."

ఎన్ని సాళ్లు కడిగిందో అడిగాను.

"దారికి కనపడే నాలుగే. ఆపైన నడుము పట్టుకున్నాది. అవతల పోయి చూడు, ఎర్రగా ఉండాది."

నిజమే, ఐదో సాలు నుంచి ఆకు ఇటుక రంగులో ఉంది. పది దాటడానికి ఇంకా పాతిక నిమిషాలున్నాయి, ఫ్లాస్కులో నత్రజని అడుగున కొద్దిగానే మిగిలి ఆవిరి కక్కుతోంది. నిండిన మూడింటినీ పక్కన పెట్టి, వేరే ఆరు గొట్టాలు కొత్తగా నింపాం. చివరిది మూసేసరికి పదికి నాలుగు నిమిషాలు. సుజాత గట్టు మీద కూర్చుని మార్తమ్మ ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగింది.

కడిగిన మూడు గొట్టాలను పారేయకుండా, చీటీ మీద ఆ సంగతి రాసి వాటినీ సీక్వెన్సింగ్‌కు పంపాం. ఫలితాల్లో ఆ మూడూ మిగతా వాటికి దూరంగా, విడిగా కనిపించాయి. మట్టి తడి చూడకపోయి ఉంటే, కడగడం వల్ల వచ్చిన ఆ తేడాను దుమ్ము ఖాతాలో రాసి ఉండేవాళ్లం. సుజాత థీసిస్ మరుసటి ఏడాది పూర్తయింది.

యంత్రం ఎంత సూక్ష్మంగా చదివినా, పొద్దున ఆకు మీద నీళ్లు పోశారో లేదో మనమే అడిగి తెలుసుకోవాలి. మా సేకరణ ఫారంలో "కోతకు ముందు ఆకును కడిగారా?" అనే గడి చేర్చాను. నేను రిటైరయ్యేలోపు మూడుసార్లు అందులో 'అవును' అని రాయాల్సి వచ్చింది.