ప్రెసిడెంటుగారి ఎక్కిళ్లు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, హనుమాన్ జంక్షన్ దగ్గరి మా ఊళ్లో అంటరానితనం లేదని తేల్చడానికి ఒక బుధవారం మధ్యాహ్నం ముహూర్తం పెట్టారు. మా పేటలో సహపంక్తి భోజనాలన్నారు. ఊరి పెద్దలు మా పక్కన కూర్చుని తింటారు, ఫొటోలు తీస్తారు, దాంతో పీడ వదిలిపోతుంది. ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల షాపులో పనిచేసే నేను ఈ వింత చూడ్డానికి సెలవు పెట్టి మరీ వచ్చాను.

"వంట మేం చేత్తామండీ" అన్నారు మా ఆడవాళ్లు.

"మీకెందుకమ్మా శ్రమ!" అన్నారు ప్రెసిడెంటుగారు. మా శ్రమ గురించి ఆయన బెంగపెట్టుకోవడం అదే మొదటిసారి. వాళ్ల చేలో నాట్లు వేసినన్నాళ్లూ ఈ బెంగ ఎక్కడ దాక్కుందో! వంటవాళ్లు విజయవాడ నుంచి దిగారు. తాగే నీళ్లు కూడా ప్యాకెట్లలో వచ్చాయి.

మా నాయనమ్మకి ఆ విందు మీద ఆశేమీ లేదు. ఆవిడ కోరిక ఒక్కటే. చేసింది తప్పని వాళ్లలో ఎవరో ఒకరు నోరు తెరిచి అనాలి, తను బతికుండగా అది వినాలి. ప్రెసిడెంటుగారి పొలంలో కూలికి వెళ్లినప్పుడు ఆవిడ వాళ్ల పెరట్లో వంగి దోసిలి పట్టేది. వాళ్లమ్మగారు చెంబు తగలకుండా పైనుంచి నీళ్లు పోసేవారు. సగం నోట్లోకి, సగం రవికెలోకి పోయేవి.

మైకు దొరికిన పెద్దలందరూ ఊదరగొట్టారు. "మనూళ్లో ఎప్పుడూ ఏ తేడాల్లేవండీ, అందరం ఒకటే!" అన్నారు ప్రెసిడెంటుగారు. లేని తేడా పోగొట్టడానికి షామియానా ఎందుకో ఎవరూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది. నాయనమ్మ పళ్లు కొరుకుతూ కూర్చుంది.

వడ్డన మొదలైంది. రెండో ముద్దకే ఆవకాయ నషాళానికంటి ప్రెసిడెంటుగారికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఎండకి నీళ్ల ప్యాకెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఆయన నీళ్లు, నీళ్లు అని చెయ్యి ఊపుతుంటే నాయనమ్మ లేచి మా ఇంట్లోంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన చెయ్యి చాపారు. ఆవిడ చెంబు ఇవ్వలేదు.

"దోసిలి పట్టండి బాబుగారూ."

షామియానా కింద తింటున్నవాళ్లందరూ ఆగిపోయారు. ఆయన అటూ ఇటూ చూశారు. మళ్లీ ఎక్కిలి వచ్చింది. ఇక గత్యంతరం లేక కూర్చున్నచోటే వంగి, ఎంగిలి చేత్తోనే దోసిలి పట్టారు. ఆవిడ పైనుంచి పోసింది. నీళ్లు మోచేతుల మీదుగా కారి ఇస్త్రీ చొక్కా అంతా తడిసింది.

తాగాక ఆయన తల ఎత్తలేదు.

"మా అమ్మ నీకు ఇట్టాగే పోసేది కదమ్మా" అన్నారు, మైకు లేకుండా, మెల్లగా. "తప్పే. నేను అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. ఒక్క మాటా అనలేదు."

నాయనమ్మ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. అయినా ఊరుకునే మనిషా?

"మీ అమ్మగారు ఇంకాస్త పైనుంచి పోసేవోరు" అంది.

అప్పుడు చెంబు ఆయన చేతికిచ్చింది.