గోడ మీదున్న మెడల్ రికార్డులో లేదట

ఈ రోజు మళ్లీ జనగామలోని మాజీ సైనికుల ఆఫీసుకు వెళ్లాను. యుద్ధంలో తూటా తగిలినందుకు మా ఆయనకిచ్చిన మెడల్‌ను సర్వీసు రికార్డులో ఎక్కించడం ఎవరో మహానుభావులు మరిచారు. కళ్లు మూసేలోగా అది సరిచేయించాలని మంచం పట్టిన ఆయన పట్టుదల.

"రికార్డుల లేకుంటే మెడల్ లేనట్టే అవ్వా," అన్నాడు క్లర్కు.

అతని వెనక గోడకు మా ఆయన ఫొటో ఉంది. పోయిన జెండా పండుగకు వాళ్లే తీయించి తగిలించారు.

"గా ఛాతి మీదున్నదేంది నాయినా?"

"మెడలే అవ్వా. పెట్టుకొని రమ్మని మేమే చెప్పినం. గని ఫొటో రుజువు కాదు."

"మరి లేని మెడల్ మీ గోడకెందుకు?" అని ఫొటో దించుకొని ఆటో ఎక్కాను.

ఇంటికి చేరేసరికి ఫోను. అది ఆఫీసు సొత్తట, తిరిగివ్వాలట. మెడల్ ఎక్కించిన రికార్డు తెచ్చి తీసుకుపొమ్మన్నాను. తప్పంటారా?