మా అమ్మ ఏటికిచ్చేసిన గుల్లలు

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరాయంటే మూసీ మోకాళ్ల లోతుకు దిగేది. మా అమ్మ ఎల్లమ్మ, మేనత్త లచ్చవ్వ, నేను ఆ నీళ్లలో వంగి, బురదలో చేతులు పెట్టి గుల్లలు ఏరేవాళ్లం. అంచులు తగిలి వేళ్లు తెగేవి... పసుపు అద్దుకుని మళ్లీ దిగేవాళ్లం.

లోపలి మాంసం మాకు కూర. పెంకులు ఎండబెట్టి ఇంటి వెనక బట్టీలో కాలిస్తే సున్నం. సూర్యాపేట అంగట్లో అది అమ్మి జొన్నలు తెచ్చుకునేవాళ్లం. మాకు గుంట భూమి లేదు.

నిజాం రోజులవి... ఊరు దొరది. ఏరూ ఆయనదేనట!

ఒక ఏడు దొర ఉండే గడీకి వెల్ల వేయాలని దొర మనిషి వచ్చాడు. మేం కాల్చిన సున్నమంతా బండికెత్తించాడు. అమ్మ కూలి అడిగితే, "వెట్టికి కూలేందే?" అని నవ్వాడు. ఆ వానాకాలం మాకు ఒక పూటే అంబలి...

మరుసటి ఏడు మళ్లీ వచ్చాడు. పెంకులు వాకిట్లో కుప్పగా ఉన్నాయి, ఇంకా కాల్చలేదు.

"జల్ది కాల్చి పెట్టుండ్రి. రేపు బండి తోల్కొస్త."

అతను అటు పోగానే అమ్మ గంప అందుకుంది. ముగ్గురం మోసుకెళ్లి పెంకులన్నీ ఏటి మడుగులో గుమ్మరించాం.

"గింత కష్టం నీళ్లపాలాయె గద వదినా!" లచ్చవ్వ ఏడ్చింది.

"వానికిచ్చుడు కంటె ఏటికిచ్చుడే నయం," అంది అమ్మ.

మర్నాడు ఖాళీ వాకిలి చూసి ఆ మనిషి బట్టీ కూలగొట్టించాడు. అమ్మను జుట్టు పట్టి గడీకి ఈడ్చుకుపోయాడు. సాయంత్రం వాచిన మొహంతో తిరిగొచ్చింది...

"దొర అడిగిండు, సున్నమేదని. ఏట్ల ఉన్నది, దిగి ఏరుకొమ్మన్న," అని మాతో చెప్పింది.

బట్టీ లేక, దొర ఊళ్లో ఉండనివ్వక, మిర్యాలగూడ దిక్కు కూలికి వెళ్లిపోయాం. అమ్మ మళ్లీ ఏట్లో దిగలేదు.

దొరల రాజ్యం పోయింది. ఇక ఏరు మనదే అనుకున్నాం... మొన్న మనవరాలితో వెళ్లి చూశాను. పట్నం మురుగుతో నల్లబడ్డ నీళ్లు, నురగ, ఇసుక తోడిన గుంతలు. ఎంత వెతికినా ఒక్క గుల్ల దొరకలేదు. ఆ నీళ్ల మీద బతికినవాళ్లను అప్పుడూ ఎవరూ ఒక మాట అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.

మీ ఇళ్లలో ఏటిని నమ్ముకుని బతికిన అమ్మలు, అవ్వలు ఉంటే వాళ్ల పేర్లు కింద రాయండి... దొరల పేర్లు ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు.