ఏడు ఎదురుగా ఏముంది

నా చిన్నప్పుడు మేము ఐర్లాండులో అత్లోన్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్నకి మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఎక్కువగా రాత్రి షిఫ్టులే. నాకు తెలుగు అర్థమయ్యేది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే వచ్చేది. ఇక కోపమంటారా, ఎప్పుడూ ముక్కు మీదే. "ఇది పుట్టగానే ఏడవలేదమ్మా, అలిగింది" అని మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది.

ఓసారి ఆ కోపానికి గట్టి కారణమే దొరికింది. అక్కడి ఆడపిల్లలు కర్రతో బంతి కొట్టి ఆడే కమోగీ ఆటలో మా బడి జట్టు ఫైనల్‌కి వెళ్ళింది. నాన్న తప్పకుండా వస్తానని మాటిచ్చారు. రాలేదు. ఎవరో సెలవు పెడితే ఆయన్ని డ్యూటీకి పిలిచారట. నేను కొట్టిన గోలుతోనే గెలిచాం, అయినా ఇంటికొచ్చి భోరుమన్నాను. ఇక జన్మలో నాన్నతో మాట్లాడనని ఒట్టేసుకున్నాను. అన్నం తిన్నావా తల్లీ అని ఆయన అడిగితే, నేను అమ్మకేసి తిరిగి "ఐ యామ్ గ్రాండ్", అంటే నాకేం, బాగానే ఉన్నానని, అమ్మకి చెప్పేదాన్ని. పాపం, ఆయన ముఖం చిన్నబోయేది. నాకు లోలోపల బాగానే ఉండేది.

మా పక్కింట్లో కరీంనగర్ నుంచి వచ్చి కాలేజీలో చదువుకుంటున్న అక్క ఒకామె ఉండేది. పాత సామాన్లు అమ్మే చారిటీ షాపులో ఆమెకి బేస్‌బాల్ ఆట పెట్టె ఒకటి దొరికింది. అందులో బ్యాటూ లేదు, బంతీ లేదు. రెండు పాచికలు, ఆటగాళ్ళ పేర్లతో బోలెడు కార్డులు. ప్రతి కార్డు మీదా రెండు నుంచి పన్నెండు దాకా అంకెలు, ఒక్కో అంకె ఎదురుగా అది పడితే ఆ ఆటగాడు ఏం చేస్తాడో రాసి ఉండేది. నేనేమో పన్నెండు ఎదురుగా 'హోమ్ రన్', అంటే బంతి మైదానం దాటిపోయే దెబ్బ, ఉన్నవాళ్ళనే నా జట్టుకి ఏరుకుని, రోజూ అక్క చేతిలో చిత్తుగా ఓడిపోయేదాన్ని.

అక్క నవ్వి పాచికలు నా చేతిలో పెట్టింది. వేసి వేసి చేయి నొప్పెట్టింది గానీ పన్నెండు ఎక్కడా పడదే! రెండూ ఆరే పడాలి మరి. ఏడు మాత్రం ఒకటీ ఆరూ పడినా, రెండూ ఐదూ పడినా, మూడూ నాలుగూ పడినా వచ్చేస్తుంది. "పన్నెండు సూసి మోసపోకే. ఏడు కాడ ఏమున్నదో సూడు. గదే వాని అసలు ఆట" అంది అక్క.

పెట్టెలో కొన్ని కార్డులు పోయాయి. వాటి బదులు మనవాళ్ళ పేర్లతో రాద్దామంది. నేను మొదట నాన్న కార్డు రాశాను. రెండు నుంచి పన్నెండు దాకా అన్నిటికీ 'ఔట్'. అక్క అది చూసి తిట్టలేదు. "కోపంతోని రాస్తే కార్డు కాదే, తిట్టయితది. వారం దినాలు సూడు. ఏది ఎన్నిసార్లు చేస్తున్రో లెక్కవెట్టి, అప్పుడు రాయి" అంది.

నాన్న తప్పులు పట్టుకుందామనే నోటుబుక్కు తీశాను. మర్నాడు పెందరాళే లేచి మెట్ల మీద కూర్చున్నాను. నాన్న డ్యూటీ దిగి వచ్చారు. కోటు కూడా విప్పకుండా వెనక గుమ్మంలో కూర్చుని, ముందురోజు ప్రాక్టీసులో బురదకొట్టుకుపోయిన నా బూట్లు తీసి, పాత చాకుతో మట్టి గీకి, లోపల న్యూస్‌పేపరు కుక్కి గది వెచ్చబరిచే రేడియేటర్ పక్కన పెట్టారు. తర్వాతే ఆయన టీ. నాకు రోజూ సాయంత్రానికి బూట్లు పొడిగా, శుభ్రంగా ఉండేవి. అమ్మ చేస్తుందనుకోలేదు, నాన్న చేస్తారనుకోలేదు. అసలేమీ అనుకోలేదు, సిగ్గులేనిదాన్ని. ఫైనల్ అయిపోయినా ఆ వారంలో నాలుగు రోజులు నాకు ప్రాక్టీసు. నోటుబుక్కులో నాలుగు గీతలు పడ్డాయి.

ఐదో గీత గీయలేదు. తర్వాతి ప్రాక్టీసు మర్నాడు కిందికి దిగి ఆయన చేతిలోంచి బూటు లాక్కున్నాను. "నేను తుడుచుకుంటా నాన్నా. నువ్వు పడుకో" అన్నాను, తెలుగులోనే. వచ్చీరాని తెలుగే. నాన్న చాకు కూడా నా చేతికిచ్చి, గుమ్మంలో పక్కకి జరిగి చోటిచ్చారు.

కార్డు మళ్ళీ రాశాను. పన్నెండు ఎదురుగా 'ఫైనల్‌కి రావడం: ఔట్' అనే ఉంచాను. రానిది రానిదే కదా! ఏడు ఎదురుగా మాత్రం 'బూట్లు' అని రాశాను.

ఇన్నేళ్ళయినా నా ముక్కు మీది కోపం ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఎవరితోనైనా మాట్లాడనని ఒట్టేసుకునే ముందు వారం ఆగుతాను, వాళ్ళ ఏడు ఎదురుగా ఏముందో చూడ్డానికి. మొన్న మా మనవరాలు అలిగి, "అమ్మమ్మా, నీ కార్డు నేను రాస్తా" అంది. రాయవే అన్నాను గానీ, ఆ రోజు నుంచి దాని బూట్లు నేనే తుడుస్తున్నాను.