బస్టాండు బల్ల మీద అరగంట

ఊరంతా ఉచిత వైఫై పెడుతున్నారన్న సంగతి మొదట నాకు మోసుకొచ్చింది పూలమ్మే బాలమణి. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, పాలమూరు దిక్కున మా చిన్న పట్నంలో నేను ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణం నడుపుతున్న రోజులవి. "ఇగ నీ దుకాణం బందే, అక్కా" అని నవ్వింది. బడికి పోని నాకు ఇంట్లో బాపు అక్షరాలు నేర్పాడు, కీబోర్డు నేనే నేర్చుకున్నాను. ఇంతవరకు నడిపించిన జోగులాంబ తల్లి ఇకముందూ చూసుకుంటుందిలే అనుకున్నాను.

ఒకరోజు గొర్లు కాసే ఎల్లమ్మ తన బిడ్డ స్వరూపను తీసుకొచ్చింది. నర్సింగ్ సీటుకు వెబ్ ఆప్షన్లు పెట్టాలి. అంటే ఏయే కాలేజీలు కావాలో వరుసగా ఎంచుకోవడం. సాయంత్రం ఐదింటికి గడువు. ఆ పొద్దే రోడ్డు తవ్వుతూ మా వీధి కేబుల్ తెంపారు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ముగ్గురం ఉచిత వైఫై పెట్టిన బస్టాండుకు నడిచాం.

అక్కడి వైఫైకి ఫోన్ నంబరు కొడితే ఓటీపీ వస్తుంది. ఒక్కో నంబరుకు రోజుకు అరగంటే. సైటు తెరుచుకునేసరికే నా అరగంట అయిపోయింది. స్వరూపకు ఫోన్ లేదు. ఎల్లమ్మ నంబరు కొడితే అదీ అయిపోయిందని చూపింది. మందతో ఆలంపూర్ దిక్కు పోయిన పెనిమిటికి పొద్దున ఇక్కడినుంచే వీడియో కాల్ చేసి, ఒక్కొక్క గొర్రెనూ చూపించమందట.

"కుంటిదాన్ని చూడకుంటె నాకు పానం నిమ్మళముండది" అంది తలదించుకుని.

అంతలో కావలి మనిషి వచ్చాడు. "లేవుండ్రి. ఇది పబ్లిక్ కోసం పెట్టింది. దుకాణం పెట్టుకునే జాగ కాదు."

"పైస తీసుకుంటలేనన్నా. మేం పబ్లిక్ కాదా?"

"గొర్లోల్లకు ఇంటర్నెట్ ఎందుకమ్మా?"

"రేపు నువ్వు దవాఖానకు పోతె నీకు సూది ఇచ్చెటందుకు. గుంజి లేపితె లేస్త. లేకుంటె ఐదు దాక ఈన్నే కూసుంట."

సార్‌ను పిలుచుకొస్తానంటూ పోయాడు. సార్ వచ్చినా ఇదే మాట చెప్పేదాన్ని.

పక్క బల్ల మీద మూటతో కూర్చున్న అవ్వ ఇదంతా విన్నది. "నా నంబరు కొట్టు బిడ్డా" అని ఫోన్ చాపింది. కొట్టాను. ఓటీపీ రాదు. కొత్తకోట, కొత్తకోట అని కండక్టర్ అరుస్తున్నాడు.

"అవ్వా, నీ బస్సు పోతాంది."

"పోనీ తియ్యి. మల్లొకటొస్తది. పిల్లకు ఇయ్యాల్టి దినం మల్లొస్తదా? నువ్వు ఫోన్ దిక్కు చూడు."

బస్సు మలుపు తిరిగాక ఓటీపీ వచ్చింది. ఐదుకు పది నిమిషాలుందనగా స్వరూపే తన చేత్తో సబ్మిట్ నొక్కింది.

సీటు వచ్చింది. స్వరూప ఇప్పుడు నర్సు. అందరిదీ అని రాసిపెట్టినదాంట్లో మన జాగా మనమే కూర్చుని నిలబెట్టుకోవాలని, లేవమన్నంత మాత్రాన లేవకూడదని ఆ బల్ల మీద నేర్చుకున్నాను. రోజూ దండం పెట్టుకునేటప్పుడు ఆ అవ్వను తలుచుకుంటాను. పేరు అడగనే లేదు. చదివిన మీరూ, మా కోసం బస్సు పోనిచ్చిన ఆ కొత్తకోట అవ్వను యాదిలో పెట్టుకోండి.