క్యాసెట్‌కు ఊఁ కొట్టినామె

విదేశీ చదువు కోసం మద్రాసులో రాయబోయే ఇంగ్లీషు పరీక్షలో, ఒక దొర మాట్లాడిన క్యాసెట్ ఒక్కసారే వేస్తారు. అది విని జవాబులు గుర్తించాలి. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఒక్క మాట అర్థం కాకపోయినా నేను దాని దగ్గరే ఆగిపోయేదాన్ని, మిగతాదంతా వెళ్ళిపోయేది. అందుకే ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళే బస్సులో కూడా టేప్ రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని అలాంటి క్యాసెట్టే వింటున్నాను.

దుత్తలూరులో ఎక్కి నా పక్కన కూర్చున్న బురఖా ఆమె కాసేపు చూసి, సంచీలోంచి ఒక క్యాసెట్ తీసింది.

“మా ఆయన కువైట్ నుంచి మాట్లాడి పంపినాడమ్మా. మా ఇంట్లో టేపు లేదు. కొంచెం ఎయ్యవా?”

వేశాను. మగగొంతు ఉర్దూలో మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుని, అతను ఎదురుగా కూర్చున్నట్టే “ఊఁ... ఊఁ...” అంటూ వింది. మధ్యలో నవ్వింది కూడా.

“బస్సు మోతలో అంతా వినపడిందా అక్కా? మళ్ళీ వెయ్యనా?” అన్నాను.

“కొన్ని మాటలు పోయినాయి. పోతే పోనీలే. మనిషి మాట్లాడతా ఉంటే ఆపి ఎతుక్కుంటామా ఏంది?” అని క్యాసెట్ సంచీలో దాచుకుంది.

మద్రాసు పరీక్ష హాల్లో ఆ దొరగొంతు మొదలవగానే నేను “ఊఁ” అన్నాను. కాపలా ఉన్నాయన పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. ఆ తర్వాత లోలోపలే ఊఁ కొడుతూ, చివరి మాటదాకా ఆ దొర వెంటే ఉన్నాను.